వేగం రెట్టింపైతే బస్సు ఆగే దూరం కూడా రెట్టింపేనా?
కాదు, బ్రేకు పడ్డాక దూరం నాలుగింతలవుతుంది. శ్రీకాకుళం వచ్చే బస్సు రణస్థలం దగ్గర హైవే మీద గంటకు 36 కి.మీ. బదులు 72 కి.మీ. వేగంతో వస్తోందనుకోండి. ముందు 5/18తో గుణించి సెకనుకు మీటర్లలోకి మార్చండి: 10, 20. చాలామంది పిల్లలకు లెక్క తప్పేది ఇక్కడే, కి.మీ.లనే సూత్రంలో పెట్టేస్తారు.

బ్రేకు వల్ల రుణత్వరణం (సెకనుకు వేగం ఎంత తగ్గుతుందో అది) 5 మీ/సె² అనుకుందాం. వేగ వర్గాన్ని త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే దూరం: 100/10 = 10 మీటర్లు, 400/10 = 40 మీటర్లు. గతిజశక్తి, అంటే కదలిక వల్ల బస్సుకు ఉండే శక్తి, వేగ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆపే బలం మాత్రం అంతే. కాబట్టి ఆ శక్తినంతా హరించడానికి ఎక్కువ దూరం కావాలి.

డ్రైవరు కాలు బ్రేకు మీదకు వెళ్లడానికి ఒక సెకను పడితే, ఆలోపు బస్సు 10 లేదా 20 మీటర్లు వెళ్లిపోతుంది. ఈ భాగం రెట్టింపే. మొత్తం 20, 60 మీటర్లు.

చక్రాలు జారే హద్దు దాకా బ్రేకు పట్టినప్పుడు, బస్సు ద్రవ్యరాశి లెక్కలో కొట్టుకుపోతుంది. ఘర్షణ కూడా బరువుతోపాటే పెరుగుతుంది కదా. వానకు రోడ్డు తడిసి ఘర్షణ గుణకం (చక్రానికి రోడ్డు మీద ఎంత పట్టు ఉందో చెప్పే సంఖ్య) సగమైతే మాత్రం ఆ 40 మీటర్లు కాస్తా 80 అవుతాయి.