అడగకుండా అమ్మిన గొలుసు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, పొందూరుకి దగ్గర్లో ఒక పల్లె. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాను. నాన్నగారు పోయి మూడేళ్లయింది. అమ్మకి 64 ఏళ్లు, ఊళ్లో ఒక్కతే ఉంటుంది. అన్నయ్య వాళ్లు విశాఖలో ఉంటారు. మా పాప ఒకరోజు "అమ్మమ్మకి ఏం ఇష్టం?" అని అడిగితే నాకు ఒక్కటీ తోచలేదు. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఒక నోట్‌బుక్‌లో ఇష్టమైన రంగు, పువ్వు, కూర, పండగ అని ప్రశ్నలు రాసి అమ్మకిచ్చాను. "నాకేటి ఇష్టాలుంటాయే పాపా, మీకేది ఇష్టమయితే నాకూ అదే" అని పక్కన పెట్టేసింది. ఒక రాత్రి కరెంటు పోయి మేడ మీద పడుకున్నప్పుడు తనే మొదలుపెట్టింది. ఐదో తరగతితో బడి మాన్పించారని, పెళ్లికి ముందు పుట్టింట్లో రాట్నం వడికేదాన్నని చెప్పింది. పుట్టింటివాళ్లు తనకి పెట్టిన గొలుసుని అన్నయ్య పాలిటెక్నిక్ ఫీజు కోసం నాన్న తనతో చెప్పకుండా అమ్మేశారట. "అడిగుంటే నానే తీసి ఇచ్చీదాన్ని. అడగలేదు" అంది. అమ్మకి చెప్పే ఫోన్‌లో రికార్డు చేశాను. విన్నకొద్దీ ఏడుపొచ్చి, దాన్ని మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అన్నయ్య మండిపడ్డాడు. "పోయిన మనిషి పరువు తీస్తారా, డిలీట్ చెయ్యి" అన్నాడు. ఇప్పుడు అమ్మ కూడా "తీసేయే, గొడవలొద్దు" అంటోంది. ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తోంది. డిలీట్ చెయ్యనా? నాన్న మీద నాకూ కోపం వస్తోంది. ఏం చెయ్యాలో తెలియడం లేదు.

జవాబు: రికార్డింగ్‌ని పూర్తిగా డిలీట్ ఇప్పుడే చెయ్యొద్దు. ముందు ఆ గ్రూపులోంచి తీసేయండి. చాలా రోజులైతే అందరి ఫోన్లలోంచి పోదు. అలాంటప్పుడు పెద్దవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీసెయ్యమని అడగండి. మీ దగ్గరున్న కాపీని మాత్రం భద్రంగా ఉంచండి, ఎవరికీ వినిపించొద్దు. మిగతాదంతా అమ్మని అడిగాక.

అడగడం గురించే మీతో ముందు మాట్లాడాలి. మీ అమ్మగారు ఆ రాత్రి చెప్పినదాంట్లో నన్ను ఆపేసిన మాట "అడగలేదు" అన్నది. గొలుసు పోయినందుకు ఆవిడ బాధపడలేదు. కొడుకు చదువుకి తనే మెడలోంచి తీసి ఇచ్చేది. ఆ ఇచ్చే అవకాశం తనకు లేకుండా చేశారని ఇన్నేళ్లుగా లోపల పెట్టుకుంది. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం స్త్రీధనం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం అది పూర్తిగా ఆవిడ ఆస్తి. ఇప్పుడు దాని మీద ఎవరినీ నిలదీయమని చెప్పడం లేదు. ఆవిడ బాధ చాదస్తం కాదని మీ ఇంట్లో అందరికీ తెలియాలని చెబుతున్నాను.

మీరు ఆ మాట విని ఏడ్చారు. తర్వాత ఆవిడని అడగకుండా గ్రూపులో పెట్టారు. అన్నయ్య అడగకుండా డిలీట్ చెయ్యమన్నాడు. మీరిద్దరూ అమ్మ మీద ప్రేమతోనే చేశారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆవిడ వైపు నుంచి చూడండి. చీకట్లో, కూతురితో, మేడ మీద చెప్పుకున్న మాట తెల్లారేసరికి మరుదులు, ఆడపడుచులు, వాళ్ల పిల్లలు వినేశారు. రికార్డు చెయ్యడానికి ఒప్పుకున్నంత మాత్రాన అందరికీ వినిపించడానికి ఒప్పుకున్నట్టు కాదు కదా. ఇప్పుడు ఫోన్‌లో రెండు ముక్కలే మాట్లాడుతోందంటే కోపంతో కాకపోవచ్చు. ఏం మాట్లాడితే ఎవరిదాకా వెళ్తుందో అన్న భయం కావచ్చు.

కాబట్టి మొదటి పని మీరే ఊరెళ్లడం. ఫోన్‌లో తేల్చుకునే సంగతి కాదిది. వెళ్లి, "అమ్మా, నీతో చెప్పకుండా గ్రూపులో పెట్టడం తప్పయింది" అని సూటిగా చెప్పండి. ఎందుకు పెట్టారో వివరించుకోవద్దు. తర్వాత రెండు మూడు రోజులు ఆ ఊసే ఎత్తకండి. ఆవిడ కాస్త కుదుటపడ్డాక అడగండి: ఉంచనా, తీసేయనా, ఉంచితే ఎవరు వినొచ్చు? "గొడవలొద్దు" అనేది అన్నయ్యకి జడిసి అన్న మాట. తనకేం కావాలో ఇంకా చెప్పలేదు. అన్నయ్య కోపం సంగతి పక్కన పెట్టి, నీకు ఎలా ఉండాలని ఉంది అని నెమ్మదిగా అడగండి. అప్పుడు కూడా తీసెయ్యమంటే ఆవిడ ముందే తీసేయండి. మనసులో ఎంత కష్టంగా ఉన్నా, బతిమాలకండి.

ఇక నోట్‌బుక్ సంగతి. మీ ప్రశ్నల్లో తప్పులేదు, కానీ అవి మీ అమ్మగారికి ఎలా వినిపించాయో ఆలోచించండి. ఇష్టమైన పువ్వు ఏదని అడిగారు. భర్త పోయి మూడేళ్లు. మన పల్లెల్లో చాలాచోట్ల ఆ తర్వాత ఆడమనిషి తల్లో పువ్వు పెట్టనివ్వరు, చేతికి గాజులుండనివ్వరు, చీర రంగు కూడా మార్చేస్తారు. కనకాంబరాలు ఇష్టం అని రాస్తే దాంతో ఏం చేసుకోవాలి ఆవిడ? ఇష్టమైన కూర అంటే, నలభై ఏళ్లు ఇంట్లో అందరికీ వడ్డించాక మిగిలినదే తను తిన్న మనిషికి ఏం గుర్తొస్తుంది? విజయనగరంలో నా దగ్గరికి వచ్చే ఆ వయసు ఆడవాళ్లలో చాలామంది ఈ ప్రశ్నకి ముందు భర్త ఇష్టాలు, తర్వాత పిల్లల ఇష్టాలు చెబుతారు. తమ సంగతి అడిగితే నవ్వేసి ఊరుకుంటారు. ఇష్టాలు లేక కాదు. ఎవరూ అడగక, చెప్పడం అలవాటు తప్పిపోయింది.

మీ అమ్మగారు తనంతట తానే ఒక తలుపు తీశారు. రాట్నం. గొలుసు సంగతి పెద్దదై మీరు దాన్ని దాటి వెళ్లిపోయారేమో, ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాశారు. పొందూరు సన్న ఖాదీకి నూలు వడకడం అంటే చిన్న పనితనమా! పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చెయ్యాలి, ఏకాలి, ఏకులు చుట్టాలి. ఆ తర్వాత ఒంటి కదురు రాట్నం మీద వంద కౌంటు అంత సన్నటి నూలు తెగకుండా లాగాలి. చెయ్యి కొంచెం బరువైతే పోగు తెగిపోతుంది. పెళ్లికి ముందే మీ అమ్మగారి చేతిలో ఈ విద్య ఉంది. చదువు మాన్పించిన పిల్ల ఆ పని నేర్చుకుంది. అదెవరు నేర్పారు? తోటి పిల్లలెవరు? ఎవరి నూలు సన్నగా వచ్చేది? నూలు చిలపకి (చుట్టకి) ఎంత ఇచ్చేవారు, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లేది? పెళ్లయ్యాక రాట్నం ఎందుకు ఆగిపోయింది? ఈ ప్రశ్నలు అడిగి చూడండి. వీలైతే పొందూరు తీసుకెళ్లండి. అక్కడ ఇప్పటికీ వడికేవాళ్లున్నారు. రాట్నం ముందు కూర్చున్నాక ఆవిడ చేతులే సగం సంగతులు చెబుతాయి.

అడిగేటప్పుడు ఎదురుగా కూర్చుని నోట్‌బుక్ తెరవకండి. చేతిలో పని ఉన్నప్పుడు అడగండి, చింతపండు గింజలు తీస్తూనో, చోడిపిండి (రాగిపిండి) జల్లిస్తూనో. సంవత్సరాలు అడిగితే తడబడతారు. "రెండు రూపాయల కిలో బియ్యం వచ్చిన కొత్తలోనా?" అంటే 1983 దగ్గర ఆగుతారు. "హుద్‌హుద్ తుఫానుకి ముందా, తర్వాతా?" అంటే 2014 తేలిపోతుంది. రాసుకునేటప్పుడు ఆవిడ మాటని సరిదిద్దొద్దు. "నానే తీసి ఇచ్చీదాన్ని" అన్నది "నేనే తీసి ఇచ్చేదాన్ని" అయితే అది మీ గొంతు అవుతుంది. జనం మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో మీ జిల్లాలోని పర్వతాలపేటలోనే పుట్టారు. ఆ జిల్లా ఆడపడుచు మాటకి పుస్తకం బట్టలు తొడగక్కర్లేదు.

నాన్నగారి మీద మీకొచ్చిన కోపం గురించి. రానివ్వండి, దాన్ని అణచుకోనక్కర్లేదు. కానీ ఆ కోపం మీది. అమ్మ చేత దాన్ని మోయించొద్దు. ఆవిడ ఆయనతో నలభై ఏళ్లు కాపురం చేసింది. గొలుసు గురించి చెప్పిన నోటితోనే రేపు ఆయన మంచితనమూ చెప్పొచ్చు. అప్పుడు "అయినా అలా చేశారు కదా" అని మీరు గుర్తు చెయ్యకండి. ఫీజు గడువు ముంచుకొస్తే, అప్పు పుట్టకపోతే, పెళ్లాం ముందు తల వంచుకుని అడగలేక ఆయన ఆ పని చేసి ఉండొచ్చు. అది తప్పే. తప్పు చేసిన మనిషి చెడ్డవాడై తీరాలని లేదు.

అన్నయ్య విషయంలో నాకు కనిపిస్తున్నది చెబుతాను. ఆయన కోపం పైకి నాన్న పరువు గురించి. కానీ ఆ గొలుసు వెళ్లింది ఆయన ఫీజుకి. ఇన్నాళ్లూ తెలియని ఆ సంగతి నలుగురితో పాటు గ్రూపులో విన్నాడు. తన డిప్లొమా వెనక అమ్మ మెడ బోసిపోయిందని అందరి ముందు తెలిస్తే ఏ కొడుకైనా తట్టుకోలేడు. ఆయనతో వాదన పెట్టుకోకండి. "అన్నయ్యా, నీకు ముందు చెప్పాల్సింది, చెప్పలేదు" అని ఒక్క మాట అనండి. తర్వాత ఆయన్ని ఒక్కడినే అమ్మ దగ్గరికి వెళ్లమనండి, మీరు మధ్యలో ఉండొద్దు. ఒకవేళ "గొలుసు చేయిస్తాను" అని బయలుదేరితే మాత్రం, కావాలా అని అమ్మని అడిగాకే కొనమనండి. అడగకుండా తెచ్చి మెడలో వేస్తే పాత కథే మళ్లీ.

ఆవిడ ఒక్కతే ఉంటోంది కనుక ఇంకో సంగతి. పాత బాధలు కదిలాక కొన్నాళ్లు మనసు బరువుగా ఉండడం మామూలే. నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం రెండు వారాలు దాటి సాగితే వయసు మీద పెట్టి వదిలేయకుండా డాక్టరుకి చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

పాపని కూడా ఊరికి తీసుకెళ్లండి. "అమ్మమ్మకి ఏం ఇష్టం?" అన్న ప్రశ్న తనది కదా, తననే అడగనివ్వండి. మనవరాలికి చెప్పినట్టు ఆవిడ మీకు చెప్పరు. రికార్డు చెయ్యాలనిపిస్తే ఫోన్ తియ్యకముందే అమ్మ వైపు చూసి అడగండి. వద్దంటే ఫోన్ లోపల పెట్టి వినండి.