390 డ్యూక్ నుంచి జెడ్ 900కి మారాక నాకు తెలిసివచ్చిన సంగతులు

మీ ప్రశ్న ఇది: "మూడేళ్లుగా హైదరాబాద్‌లో 390 డ్యూక్ నడుపుతున్నాను. 900 సీసీ నేకెడ్ స్పోర్ట్స్ బైక్‌కు మారాలని ఉంది. కొన్నవారికి నిజంగా ఎలా అనిపిస్తోంది? రోజూ నడపవచ్చా?" ఇదే మార్పు నేను కూడా చేశాను కాబట్టి నాకు ఎదురైనవి ఎదురైనట్లు రాస్తాను.

నేను పాత తరం కేటీఎం 390 డ్యూక్‌ను (పేరు 390 అయినా ఇంజిన్ 373 సీసీ) అయిదేళ్లు నడిపి, 2021లో కవాసకీ జెడ్ 900 తీసుకున్నాను. ఇల్లు కూకట్‌పల్లిలో, ఉద్యోగం గచ్చిబౌలిలో. ఇప్పటికి ఓడోమీటరు 31,000 కిలోమీటర్లు దాటింది. కొనేముందు నేను చూసిన వీడియోలన్నీ గరిష్ఠ వేగం గురించీ, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు పడుతుందన్నదాని గురించీ చెప్పినవే. కొన్నాక తెలిసిన విషయం వేరు. కుడి చేతి మణికట్టు కొద్దిగా కదిలినా వెనక చక్రానికి ఆ క్షణంలోనే తెలిసిపోవడం, ఆ చక్రం చేసే ప్రతి పనీ మన ఒంటికి తెలుస్తూ ఉండడం ఈ బండి అసలు స్వభావం. దానికి అలవాటు పడడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

అంకెలు ఒకసారి చూస్తే కారణం అర్థమవుతుంది. పాత డ్యూక్ ఒంటి సిలిండరు ఇంజిన్ 43.5 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తిని, 37 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని ఇచ్చేది. జెడ్ 900లో ఉన్నది 948 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్. 9,500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) వద్ద 125 పీఎస్, 7,700 వద్ద 98.6 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. బండి బరువు 212 కిలోలు. అంటే బరువు పావు వంతు పైచిలుకు పెరిగితే శక్తి దాదాపు మూడింతలైంది. అంతకన్నా ముఖ్యమైనది ఆ శక్తి వచ్చే తీరు. ఒంటి సిలిండరు బండిని పెద్ద గేరులో తక్కువ ఆర్‌పీఎం మీద లాగిస్తే చెయిన్ కొట్టుకుంటూ మారాం చేస్తుంది, గేరు తగ్గించక తప్పదు. ఇది అలా కాదు. నాలుగో గేరులో 3,000 ఆర్‌పీఎం వద్ద ట్రాఫిక్‌లో సాఫీగా పోతున్నప్పుడు థ్రాటిల్ రవ్వంత తిప్పితే ఏ కుదుపూ లేకుండా, నూతిలోంచి చేద పైకి వచ్చినట్లు బలం కింది నుంచే పొంగుకొస్తుంది. 6,000 దాటాక ఇంజిన్ గొంతు మారుతుంది, చేతులు నిటారుగా సాగుతాయి, ఎదురుగా ఉన్న బస్సు మనం ఊహించిన దానికన్నా చాలా ముందే దగ్గరకు వచ్చేస్తుంది.

ఇక్కడ మీరు గమనించవలసిన లెక్క ఒకటుంది. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్ల మీద మోటార్ సైకిళ్లకు గరిష్ఠ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు, పురపాలక పరిధిలో 60. జెడ్ 900 మొదటి గేరులోనే 80 దాటగలదు. ఆరో గేరులో వంద మీద పోతున్నా ఇంజిన్ నాలుగు వేలకు కాస్త పైన మాత్రమే తిరుగుతూ ఉంటుంది. పైగా మన ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు కాబట్టి పక్కనున్న సర్వీసు రోడ్డే మనకు దిక్కు. గరిష్ఠ వేగం చూసి ఈ బండి కొంటే దాన్ని వాడుకునే చోటు మీకు తెలంగాణలో దొరకదు. నేను రోజూ అనుభవించేది, ఇంకా తనివి తీరనిది 3,000కూ 6,000కూ మధ్య ఉన్న ఆ బలమే.

నేకెడ్ అన్న మాటకు ఉన్న అర్థం హైవే మీద బాగా తెలుస్తుంది. ముందు ఫెయిరింగ్ (గాలిని పక్కకు మళ్లించే తొడుగు) గానీ గాలిని ఆపే అద్దం గానీ లేదు. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 60 దగ్గర చల్లగా తగిలిన గాలే 120 దగ్గర నాలుగు రెట్ల బలంతో ఛాతీని వెనక్కి నెడుతుంది. కర్నూలు వైపు ఎన్‌హెచ్ 44 మీద మొదటిసారి వెళ్లి వచ్చిన రాత్రి నా మెడ కదల్లేదు. మొదట దీన్ని లోపంగానే తీసుకున్నాను, చిన్న అద్దం ఒకటి బిగిద్దామని అంగళ్లు కూడా తిరిగాను. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. పూర్తి ఫెయిరింగ్ ఉన్న స్నేహితుడి బండి నడిపినప్పుడు 130 దగ్గర కూడా నాకు 90లా అనిపించింది. నా బండి అలా మభ్యపెట్టదు. ఎంత వేగంతో పోతున్నానో మీటరు చూడకుండానే నా మెడ, భుజాలు చెప్పేస్తాయి, వాటంతట అవే నన్ను 90 దగ్గరికి దించుతాయి. రోజుకు 500 కిలోమీటర్ల ప్రయాణాలు తరచుగా చేసేవారు మాత్రం వేరే రకం బండి చూసుకోవడం మంచిది.

రోజూ నడపవచ్చా అన్న ప్రశ్నకు వస్తాను. నడపవచ్చు, నేను వారానికి రెండు మూడు రోజులు నడుపుతున్నాను. కానీ మార్చి మధ్య నుంచి జూన్ వరకు తెల్లవారుజామున తప్ప దాదాపు తీయను. నాలుగు సిలిండర్ల పెద్ద ఇంజిన్ ఏదైనా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు రేడియేటరు ఫ్యాన్ తిరగడం మొదలవుతుంది, ఆ వేడి గాలిని పక్కకు మళ్లించే ప్యానెళ్లు లేనందున అది నేరుగా మోకాళ్లకూ తొడలకూ తగులుతుంది. మే నెల మధ్యాహ్నం జేఎన్‌టీయూ కూడలిలో రెండు సిగ్నళ్లు ఆగితే మందపాటి రైడింగ్ ప్యాంటులోంచి కూడా సెగ తెలుస్తుంది. దీనికి తోడు హ్యాండిల్ ఎక్కువగా తిరగదు, ఇరుకు సందులో యూటర్న్ ఒక్కసారిలో కాదు. నగరంలో మైలేజీ నాకు లీటరుకు 15 నుంచి 16, హైవే మీద 19 వరకు వస్తోంది. ట్యాంకులో 17 లీటర్లు పడుతుంది.

బరువు గురించి ఒక సంఘటన చెప్పాలి. కొన్న పదకొండో రోజు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగుతూ ర్యాంపు మలుపులో ఎదురుగా పిల్లవాడి సైకిల్ కనబడితే ముందు బ్రేకు పట్టాను. అప్పటికి హ్యాండిల్ ఎడమకు తిరిగి ఉంది. నడక వేగమే అయినా, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే ముందు భాగం ఒక్కసారిగా లోపలికి ముడుచుకుపోతుంది. ఎడమ కాలు ఆనించాను గానీ వాలు నేల మీద 212 కిలోలు ఒకసారి ఒరగడం మొదలయ్యాక ఏ కాలూ ఆపలేదు. క్లచ్ లివర్ కొస విరిగింది, పక్కన గీతలు పడ్డాయి. నేనూ వాచ్‌మన్ అన్నా కలిసి లేపాం. లేపేటప్పుడు నడుము వంచి లాగకుండా, వీపు సీటుకు ఆనించి, హ్యాండిల్‌నూ వెనక పట్టునూ పట్టుకుని కాళ్ల బలంతో వెనక్కి నడవాలని ఆ రోజే నేర్చుకున్నాను. అప్పటి నుంచి నడక వేగంలో నా కుడి చేతి వేళ్లు బ్రేకు మీదికే పోవు, వెనక బ్రేకు పెడల్ ఒక్కటే వాడుతాను. డ్యూక్‌తో ఈ అలవాటు లేకపోయినా నడిచిపోయింది.

ఇంకొకటి కూడా నాకు కళ్లకు కట్టినట్లు గుర్తుంది. ఆదివారం తెల్లవారుజామున నేను ఎక్కువగా వెళ్లేది చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు మీదుగా వికారాబాద్ అనంతగిరి కొండలకు. 2022 నవంబరులో ఒకరోజు తిరుగు ప్రయాణంలో పెద్ద రోడ్డు వదిలి ఒక ఊరి రోడ్డు పట్టాను. మలుపు తిరగగానే సగం రోడ్డు పొడవునా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉన్నాయి. మిగిలిన సగం మీద కూడా గింజలు చెదిరి పలచగా పరచుకున్నాయి. రెండో గేరులో 35 దగ్గర ఉన్నాను. అనాలోచితంగా థ్రాటిల్ వెంట్రుకవాసి ఎక్కువ తెరిచానేమో, వెనక చక్రం ఒక బెత్తెడు పక్కకు జారింది. మీటరులో ట్రాక్షన్ కంట్రోల్ (వెనక చక్రం జారకుండా శక్తిని తగ్గించే ఏర్పాటు) దీపం పసుపు రంగులో రెండుసార్లు మెరిసింది, ఇంజిన్ ఒక్క క్షణం దగ్గినట్లు శక్తిని తగ్గించి మళ్లీ ఇచ్చింది, బండి నిలదొక్కుకుంది. రోడ్డు పక్కన పార పట్టుకుని నిలబడిన పెద్దాయన "మెల్లగ పో బిడ్డా" అన్నాడు. ఆపి హెల్మెట్ తీసి ఆయనకు దండం పెట్టి, చాలాసేపు అక్కడే కూర్చున్నాను. డ్యూక్ అయితే ఆ మాత్రం థ్రాటిల్‌కు ఏమీ అయ్యేది కాదు. ఇక్కడ ఆ వెంట్రుకవాసి కదలికకే అంత బలం ఉంది. ఎలక్ట్రానిక్స్ కాపాడిన మాట నిజమే. కానీ నా బండిలో ఉన్న ఏబీఎస్‌కు (బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటుకు) బండి ఎంత వాలి ఉందో తెలియదు. ఆ వాలును కొలిచే ఐఎంయూ అనే సెన్సరు జెడ్ 900కు 2025 మోడల్‌లోనే వచ్చింది. కొత్తది తీసుకునే స్థోమత ఉంటే ఆ ఒక్క కారణం చాలు.

రోడ్డు బాగుంటే ఇదే బండి ఇచ్చే ఆనందం మాటల్లో పెట్టడం కష్టం. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమల మొదలవుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ గేటు మూసి ఉంటుంది కాబట్టి నేను గేటు తెరిచే వేళకు అక్కడుంటాను. అడవిలో కోతులు, జింకలు అడ్డం వస్తాయి, అక్కడ నెమ్మదిగానే పోవాలి. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో మాత్రం రెండో గేరు, మూడో గేరు మధ్య బండి నాట్యమే చేస్తుంది. వెడల్పాటి హ్యాండిల్ వల్ల పట్టు ఎక్కువ: కుడి మలుపులో కుడి పిడిని ముందుకు మెత్తగా నొక్కితే చాలు, అంత బరువున్న బండి మాట విన్నట్లు కుడికి వాలుతుంది. గేరు తగ్గించినప్పుడు స్లిప్పర్ క్లచ్ వెనక చక్రాన్ని గెంతనివ్వదు. మలుపు మధ్యలో థ్రాటిల్‌ను ఒకే తీరుగా పట్టుకుని, బయటికి వచ్చే దారి కనబడగానే కొద్దికొద్దిగా తెరిస్తే నాలుగు సిలిండర్ల హోరు కొండకు తగిలి తిరిగి వస్తుంది. వేగం అప్పుడు 50, 55 కంటే ఎక్కువ ఉండదు. నాకు ఈ బండి మీద గడిపిన అతి మంచి గంటలు ఆ వేగంలోనే గడిచాయి.

విశాఖలో ఉండే మిత్రుడి దగ్గర ట్రయంఫ్ స్ట్రీట్ ట్రిపుల్ 765 ఉంది. మూడు సిలిండర్ల ఆ ఇంజిన్ వంశానిదే 2019 నుంచి మోటో 2 అనే ప్రపంచ బైక్ రేసింగ్ పోటీల్లో వాడుతున్న ఇంజిన్ కూడా. బండి బరువు 190 కిలోల లోపే. ఆయనతో బండ్లు మార్చుకుని అరకు ఘాట్ ఎక్కాను. మలుపుల్లో అది నా బండి కంటే చురుకు, తక్కువ శ్రమ. నాది తక్కువ ఆర్‌పీఎంలో నిండుగా ఉంటుంది. ఎత్తు, బరువు తక్కువ ఉన్నవారికి నేను మొదట ఆ రకమే చూడమంటాను.

వెనక కూర్చునేవారి గురించి కొన్నవారు సాధారణంగా చెప్పరు. సీటు చిన్నది, ఎత్తైనది, పట్టుకోవడానికి సరైన ఆధారం లేదు. మా ఆవిడ ఒకసారి యాదగిరిగుట్ట దాకా వచ్చి, దిగాక "ఇకమీదట కారులోనే వెళ్దాం" అంది. ఆమె మాటే న్యాయం.

ఖర్చుల విషయం క్లుప్తంగా చెబుతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతం అయింది, దాని పైన లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు ఉంటాయి. నాకు వెనక టైరు 9,000 కిలోమీటర్లకే అరిగింది. 180/55 జెడ్‌ఆర్ 17 సైజు టైరు మీ డ్యూక్ టైరు ధరకు రాదు. చెయిన్‌కు 600 కిలోమీటర్లకు ఒకసారి నూనె పెట్టాలి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు ముందు 36, వెనక 42 పీఎస్ఐ ఉండాలి, పెట్రోలు బంకు గేజీలను నమ్మకుండా సొంత గేజీ కొనుక్కోండి. మంచి హెల్మెట్, జాకెట్, గ్లౌజులు, బూట్లకు విడిగా డబ్బు తీసి పెట్టాకే బండికి అడ్వాన్సు ఇవ్వండి.

మూడేళ్లు డ్యూక్ నడిపారు కాబట్టి మీకు ఈ మార్పు సాధ్యమే. తీసుకుంటే మొదటి రెండు వేల కిలోమీటర్లు రెయిన్ మోడ్‌లోనే నడపండి. అందులో శక్తి దాదాపు 55 శాతానికి తగ్గుతుంది, అది కూడా డ్యూక్ శక్తి కంటే బాగా ఎక్కువే. దానికన్నా ముందు, ఈ బండి ఉన్న వారెవరినైనా ఒక ఉదయం మీ ఇంటికి పిలవండి. ఇంజిన్ ఆపి, ఒకరు వెనక పట్టుకుని ఉండగా, మీ సెల్లార్‌లో మీరు నిలిపే చోటు నుంచి చేత్తో నెట్టుకుంటూ బయటికి తీసి మళ్లీ లోపల పెట్టి చూడండి.