బుజ్జీ, బస్తీ మీటింగుకి వెళ్లేముందు ఇది చదువు

బుజ్జీ,

వార్డు ప్లాన్ పని నీ చేతికొచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు ఒకపక్క సంతోషం, ఇంకోపక్క టెన్షన్. మన ఇంటి పిల్ల ఊరికి ప్లాన్ గీస్తోందని పక్కింటావిడకి అప్పుడే రెండుసార్లు చెప్పేశాను. కానీ యాప్ పెడతాం, గోడల మీద క్యూఆర్ కోడ్ అంటిస్తాం, జనం ఫోన్‌లోనే అభిప్రాయం చెప్పేస్తారు అన్నావట. అది విన్నాక నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. మీటింగు నల్లా వచ్చే టైముకి పెట్టకు. ఫంక్షన్ హాల్లో వద్దు, వాళ్ల గల్లీలోనే కూర్చో.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను, ఇది మీ అమ్మకి కూడా తెలీదు. కమ్యూనిటీ ఆర్గనైజర్‌గా చేరిన కొత్తలో ఒక బస్తీలో మురుగుకాలువ పనికి జనాన్ని ఒప్పించమన్నారు. బ్లూప్రింట్‌ని అంగన్‌వాడీ గోడకి అంటించి గంటసేపు చెప్పాను. అందరూ తలలూపారు. వెనక వరసలోంచి ఒక ముసలమ్మ లేచి "అటు కాదు బిడ్డా, నీళ్లు..." అనబోతే, చివర్లో మాట్లాడుదురుగాని కూర్చోండమ్మా అన్నాను. చివర్లో ఆ సంగతే మర్చిపోయాను. సంతకాలు, వేలిముద్రలు తీసుకుని, ప్రజలు ఒప్పుకున్నారని రిపోర్టు రాసి ఇంటికొచ్చేశాను.

ఆ మరుసటి వానాకాలం కాలువ పొంగి పల్లంలో ఉన్న ఇళ్లలోకి మురుగు వచ్చింది. నేను వెళ్లేసరికి ఆ ముసలమ్మ గడప మీద కూర్చుని, తడిసిన బియ్యం చాటలో పోసుకుని పనికొచ్చే గింజలు ఏరుతోంది. నన్ను తిట్టలేదు. "చెప్పనిస్తివా బిడ్డా" అంది, అంతే. ఆమె పక్కన కూర్చుని నేనూ ఏరాను, ఎంత ఏరినా వాసన పోలేదు.

తర్వాత ఆ బస్తీకి కాగితాలు పట్టుకెళ్లలేదు. ముగ్గుపిండి ఆడవాళ్ల చేతికిచ్చి, మీ గల్లీ నేల మీద గీయండి అన్నాను. కాసేపు ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. తర్వాత బోరింగు వచ్చింది, వేపచెట్టు వచ్చింది, చీకటి పడ్డాక ఆడపిల్లలు వెళ్లని మలుపు వచ్చింది. వాన నీళ్లు నిలిచేచోట పసుపు చల్లారు. అక్కడ కాదంటే ఇక్కడని ఇద్దరు పోట్లాడుకుని, గీత చెరిపి మళ్లీ గీశారు. ఆ పోట్లాటలో నాకు తెలిసినంత మా ఆఫీసు ఫైళ్లన్నీ చదివినా తెలిసేది కాదు.

2023 జనవరిలో కామారెడ్డి సంగతి గుర్తుందా? ఊళ్లో ఏ స్థలం దేనికి వాడాలో చెప్పే మాస్టర్ ప్లాన్ డ్రాఫ్టులో తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్ కిందకి వెళ్లాయని రైతులు రోడ్డెక్కారు, చివరికి మున్సిపల్ కౌన్సిలే ఆ డ్రాఫ్టు వద్దని తీర్మానం చేసింది. అభ్యంతరాలకి గడువివ్వడం చట్టంలో ఉంది, నిజమే. కానీ మ్యాపులో ఏ రంగు కింద తన పొలం ఉందో మనిషికి ఎవరైనా దగ్గర కూర్చుని చూపించాలి కదే! బ్రెజిల్‌లో పోర్తో అలెగ్రె అనే నగరం గురించి నువ్వు మొన్న చెప్పావే, 1989లో నగర బడ్జెట్‌ని వాడల్లో జనంతో చర్చించడం మొదలుపెట్టారని, అక్కడ కూడా మనుషులు వచ్చి ఎదురెదురుగా కూర్చున్నారు.

యాప్ మానెయ్యమనను, కాలేజీ పిల్లలు బాగా వాడతారు. కానీ ఇంటికొకటే ఫోనుంటే అది ఎవరి జేబులో ఉంటుందో నీకు తెలుసు. ఇంకొకటి, చేస్తాం అని నోరు జారకు. ఏది కుదరదో, ఎందుకు కుదరదో, అదే గల్లీకి మళ్లీ వెళ్లి చెప్పు. రెండోసారి వెళ్లడమే కష్టం, నేను ఎన్నోసార్లు ఎగ్గొట్టాను, నువ్వు ఆ పని చేశావంటే ఊరుకోను.

రాత్రి మీటింగైతే ఒక్కదానివే రాకు, అక్కడి ఆడవాళ్లనే రోడ్డు దాకా తోడు రమ్మను. ఏదైనా తిని వెళ్లు, నీకు ఆకలేస్తే కోపం వస్తుంది. వాన పడుతోందని మాత్రం మీటింగు వాయిదా వెయ్యకు. గొడుగు తీసుకుని అప్పుడే వెళ్లు, నీళ్లు ఎవరింటి ముందు ఆగుతున్నాయో చూసి, ఆ తలుపు కొట్టు.

పెద్దమ్మ