ముసురుకు పత్తి గూడ రాలుతుంటే రకం మార్చాలా?

మబ్బు పట్టిన వారం తిరిగేసరికి గూడ (పూమొగ్గ), పిందె రాలిపోతున్నాయని, తక్కువ ఎండకు తట్టుకునే పత్తి రకం చెప్పమని అడిగారు. మాది గుంటూరు దగ్గర ప్రత్తిపాడు వైపు, నల్లరేగడి. నన్నడిగితే విత్తనం పేరు తర్వాత, ముందు సాళ్ల మధ్య దూరం చూడండి.

పత్తి ఎండకు పుట్టిన మొక్క. ఉదయం తూర్పుకు, సాయంత్రం పడమరకు ఆకులు తిప్పుకుని మరీ ఎండ పట్టుకుంటుంది. పై ఆకుకు నడి ఎండ సరిపోయినా, కింది ఆకులు నీడలోనే ఉంటాయి కాబట్టి చేను మొత్తానికి ఎంత ఎండ ఉన్నా పనికొస్తుంది. మబ్బు పడితే కిరణజన్య సంయోగక్రియ మందగించి ఆకులో చక్కెర తయారీ తగ్గుతుంది. అప్పుడు మొక్క తాను సాకలేని గూడను వదిలేస్తుంది. కాయకు తిండి ఎక్కువగా దాని పక్కనున్న ఆకే పెడుతుంది, ఆ ఆకు నీడన పడితే కాయ నిలవడం కష్టం.

రెండేళ్ల కిందట మూడడుగుల సాళ్లు పెట్టి, యూరియా కూడా ఎక్కువే వేశాను. చేను ఏపుగా లేచి సాళ్లు కలిసిపోయాయి. మిట్టమధ్యాహ్నం వంగి చూస్తే నేల మీద ఒక్క ఎండ చుక్క లేదు. కింది కాయలు నల్లబడి కుళ్లు వాసన కొట్టాయి. గట్టు అవతల మా బాబాయిదీ అదే విత్తనం, కానీ నాలుగడుగుల సాళ్లు. ఆయన చేలో మొక్కల కింద రూపాయి బిళ్లలంత ఎండ మచ్చలు పడ్డాయి. కింది కొమ్మల కాయలు చాలావరకు నిలిచాయి. ఆ ఏడు నాకు బాగా బాధేసింది.

రకాల్లో తేడా లేదనను. బెండాకులా లోతుగా చీలిన ఆకుల రకాల్లో వెలుతురు అడుగుదాకా దిగుతుంది, కాయకుళ్లూ తగ్గుతుంది. కొమ్మలు పొట్టిగా, మొక్క నిటారుగా పెరిగేవీ నయమే. మన నేలకు ఏది నప్పుతుందో గుంటూరు దగ్గరి లాం ఫారంలో (వ్యవసాయ పరిశోధన కేంద్రం) అడగండి. నీడలో పండే పత్తి అని ఎవరైనా అమ్మితే మాత్రం కొనకండి.

ఇప్పటికి చేలో నీళ్లు నిలవకుండా కాలువలు తీయండి, నల్లరేగడిలో దానివల్ల కూడా రాలుతుంది. గూడ, పిందె రాలకుండా ఆపే హార్మోన్ మందు ప్లానోఫిక్స్ 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. కలిపి కొట్టండి, మోతాదు పెంచొద్దు. 80-90 రోజుల చేనైతే తలలు తుంచండి. విత్తి ఎన్నాళ్లయింది, సాళ్లు ఎంత దూరమో రాయండి, చూసి చెప్తాను.