60 సెకన్ల టెంట్ కొనేముందు

డాలస్ చుట్టుపక్కల కొత్తగా స్థిరపడుతున్న మన కుటుంబాలు ఈమధ్య తరచుగా అడుగుతున్న మాట ఇది: "పిల్లలిద్దరూ క్యాంపింగ్ అంటే ప్రాణం పెడుతున్నారు. నెలకోసారైనా వెళ్దామనుకుంటున్నాం. అమ్మానాన్నలు కూడా వస్తున్నారు. నిమిషంలో వేసుకోగలిగే టెంట్ ఏదైనా చెప్పండి."

నా జవాబు ముందే చెప్పేస్తాను. కడ్డీలు ముందుగానే బిగించి వచ్చే ఇన్‌స్టంట్ కేబిన్ టెంట్ కొనండి. అయితే పెట్టె మీద రాసిన 60 సెకన్లు చూసి మాత్రం కొనకండి. ఆ 60 సెకన్లలో టెంట్ నిలబడుతుందంతే. నేలలో మేకులు దిగాలి, పైన వాన గుడ్డ కప్పాలి, తాళ్లు గుంజి కట్టాలి, పరుపుల్లో గాలి నింపాలి. ఇవన్నీ అయ్యేసరికి ఎంత చేయి తిరిగినవాళ్లకైనా అరగంట పడుతుంది. తొందరపడి ఆ మిగతా పనులు ఎగ్గొట్టినవాళ్లే అర్ధరాత్రి వానలో తడిసి కారులో కూర్చుంటారు.

మరి త్వరగా లేచే టెంట్ ఎందుకంటే, మనం బయల్దేరే వేళ అలాంటిది. శుక్రవారం ఆఫీసు ముగించుకుని, పిల్లల్ని ఎక్కించుకుని, ట్రాఫిక్ దాటుకుని టెక్సోమా సరస్సు ఒడ్డున ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కుకు చేరేసరికి చీకటి పడుతుంది. ఆ చీకట్లో, ఆకలితో ఉన్న పిల్లల మధ్య, విడివిడి కడ్డీలను ఒకదాంట్లో ఒకటి దూర్చి గుడ్డ గొట్టాల్లోంచి లాగడం ఎవరికైనా విసుగే. ఏడాదికోసారి వెళ్లేవాళ్లకు మామూలు టెంట్ చాలు. తరచూ వెళ్లేవాళ్లకు మాత్రం ఈ సౌకర్యం పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది.

ఈ త్వరగా వేసే టెంట్లలో మూడు రకాలున్నాయి. గాల్లోకి విసిరితే తెరుచుకునే పాప్‌అప్ ఒకటి. ఇద్దరు ముగ్గురికి బాగుంటుంది గానీ, పెద్ద చక్రంలా మడుస్తారు కాబట్టి డిక్కీలో ఇమడదు, పైగా తిరిగి మడవడానికి ఒడుపు కావాలి. కుటుంబానికి నేను సిఫారసు చేయను. రెండోది కోల్‌మన్, కోర్ లాంటి కంపెనీలు చేసే ఇన్‌స్టంట్ కేబిన్. కాళ్లు విప్పదీసి, ఒక్కొక్కటి టక్కుమని గట్టిపడేదాకా పైకి లాగితే సరి. మడిచినప్పుడు నాలుగడుగుల పొడవుంటుంది, చాలా కార్ల డిక్కీలో అడ్డంగా పడుతుంది. మూడోది గజెల్ లాంటి హబ్ టెంట్. గోడ మధ్యలో ఉన్న పట్టీ పట్టుకుని బయటికి లాగితే ఆ గోడ ఉబ్బుతుంది, నాలుగు గోడలూ అంతే. నిర్మాణం గట్టిది, బట్ట కూడా మందం. కానీ నలుగురి సైజు టీ4 మడిచినా అయిదున్నర అడుగులకు పైగా పొడవుంటుంది. ఒడిస్సీ, సియెనా లాంటి వ్యాన్ ఉంటే తీసుకోండి. సెడాన్ కారులో అయితే వెనక సీటు వంచాలి, అప్పుడు పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? అందుకే షాపుకు వెళ్లేముందు డిక్కీని టేపుతో కొలుచుకోండి. ధర కూడా తేడానే: హబ్ టెంట్ 300 డాలర్ల పైమాటే, పెద్ద ఇన్‌స్టంట్ కేబిన్ సాధారణంగా అంతకన్నా తక్కువకే దొరుకుతుంది.

పెట్టె మీద "6 మందికి" అని ఉంటే, సన్నటి చాపల్లాంటి ప్యాడ్ల మీద ఆరుగురు ఒకరినొకరు ఆనుకుని పడుకోగలరని అర్థం. సామాన్లకు చోటుండదు. ఆ అంకె వదిలేసి నేల కొలత చూడండి. క్వీన్ సైజు గాలి పరుపు 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. కోల్‌మన్ ఆరుగురి ఇన్‌స్టంట్ కేబిన్ నేల 10 అడుగులు, 9 అడుగులు. రెండు క్వీన్ పరుపులు పక్కపక్కన వేస్తే పదడుగులూ సరిగ్గా నిండిపోతాయి. పరుపులు రెండు వైపులా గోడలకు ఆనుకుంటాయి, తెల్లవారుజామున గోడల మీద చేరే చెమ్మంతా దుప్పట్లకే అంటుతుంది. కాళ్ల దగ్గర రెండడుగుల పైచిలుకు మిగులుతుంది, బ్యాగులకు అదే చోటు. ఇద్దరు చిన్నపిల్లలతో సర్దుకోవచ్చు గానీ, ఏళ్ల తరబడి వాడుకోవాలంటే కోర్ తొమ్మిదిమంది సైజు మేలు. అది 14 అడుగులు, 9 అడుగులు. రెండు పరుపులు వేశాక ఇంకా నాలుగడుగుల వెడల్పు ఖాళీగా ఉంటుంది. వానొస్తే పిల్లలు ఆడుకోవడానికి ఆ నాలుగడుగులే దిక్కు.

ఎత్తు సంగతి మన ఇళ్లలో ముఖ్యం. కోర్ తొమ్మిదిమంది టెంట్ మధ్యలో 78 అంగుళాలు, అంటే ఆరున్నర అడుగులు. అమ్మ నిలబడి చీర కట్టుకోవచ్చు, కుచ్చిళ్లు సర్దుకోవచ్చు. నాలుగడుగుల ఎత్తుండే, గుమ్మటంలాంటి డోమ్ టెంట్‌లో ఇది కుదరదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అందులోకి పాకుతూ వెళ్లలేరు, పొద్దున్నే లేచి బయటికి రాలేరు.

ఈ ఎత్తుకు మూల్యం గాలి దగ్గర చెల్లించాలి. నిటారు గోడల కేబిన్ టెంట్‌కు గాలి నేరుగా తగులుతుంది. డోమ్ అయితే గాలి పైనుంచి జారిపోతుంది. టెక్సాస్‌లో, అందులోనూ ఉత్తరాన ఉన్న పాలో డ్యూరో లోయ వైపు, గాలి మామూలుగా ఉండదు. గంటకు 25, 30 మైళ్ల గాలి సూచన ఉంటే కేబిన్ టెంట్‌తో వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎప్పుడు వెళ్లినా తాళ్లన్నీ కట్టండి, ఒక్కటీ వదలకండి. టెంట్‌తో పాటు వచ్చే మేకులు వంటింటి ఊచల్లా సన్నగా ఉంటాయి. మన పార్కుల్లో నేల కొన్నిచోట్ల సున్నపురాయి, కొన్నిచోట్ల ఎండి బిగిసిన నల్లమట్టి. ఆ మేకులు రెండు దెబ్బలకే వంగిపోతాయి. విడిగా 10 లేదా 12 అంగుళాల ఉక్కు మేకులు ఒక డజను, ఒక చిన్న సుత్తి కొనండి. మేకు తల టెంట్‌కు అవతలి వైపు వాలి ఉండేలా ఏటవాలుగా దించండి, అప్పుడే తాడు లాగినా ఊడిరాదు. టెంట్ మీద పెట్టే ఖర్చులో దీనంత విలువైనది మరొకటి లేదు.

వానకు సంబంధించి ఒక్కటి గట్టిగా చెబుతాను: రెయిన్ ఫ్లై, అంటే పైన కప్పే వాన గుడ్డ, ఎంత కిందికి దిగుతుందో చూడండి. కొన్ని ఇన్‌స్టంట్ టెంట్లలో అది నెత్తిమీద టోపీ పెట్టినట్టు పైకప్పు వరకే ఉంటుంది. కొన్నింట్లో అసలు విడి గుడ్డే ఉండదు. ఏటవాలు వానకు కిటికీ జిప్పుల్లోంచి నీళ్లు కారతాయి. కిటికీలను దాటి కిందికి దిగే గుడ్డ ఉన్నదే కొనండి. బట్ట ఎంత నీటి ఒత్తిడిని ఆపుతుందో మిల్లీమీటర్లలో రాస్తారు. చవక టెంట్లలో 600 ఉంటుంది, 1200 దాటినది చూసుకోండి. కుట్ల మీద లోపలి వైపు టేపు అతికించి ఉందో లేదో వేలితో తడిమి చూడండి. లేకపోతే సీమ్ సీలర్ అనే ద్రవం చిన్న సీసా కొని కుట్ల వెంట పూసి ఒక రోజు ఆరనివ్వండి.

టెంట్ కింద పరిచే టార్పాలిన్ టెంట్ కన్నా పెద్దగా ఉంటే మంచిదనుకుంటారు చాలామంది. అది పొరపాటు. బయటికి పొడుచుకొచ్చిన అంచు మీద పడ్డ వానంతా టెంట్ కిందికే పారుతుంది. అంచులు లోపలికి మడిచి, అన్ని వైపులా టెంట్ కన్నా రెండు మూడు అంగుళాలు తక్కువ ఉండేలా పరచండి.

ఏ టెంటూ పిడుగును ఆపదు, వరదను ఆపదు. 2025 జులై 4 తెల్లవారుజామున కెర్ కౌంటీలో గ్వాడలూప్ నది ఉప్పొంగి నిద్రలో ఉన్నవాళ్లను ముంచెత్తింది, ఆ రోజుల వరదల్లో టెక్సాస్‌లో వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. నది పక్క సైటు ఎంత అందంగా ఉన్నా, పైన ఎత్తులో ఉన్నదే బుక్ చేయండి. చాలా పార్కుల్లో ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి వాతావరణ హెచ్చరికలు చెప్పే చిన్న రేడియో వెంట ఉంచుకోండి. పిడుగుల హెచ్చరిక వస్తే టెంట్‌ను దాని మానాన వదిలేసి పిల్లలతో కారులోకి గానీ, స్నానాల గదులున్న పక్కా భవనంలోకి గానీ వెళ్లిపోండి.

మామూలు రోజుల్లో మనకు అసలు ఇబ్బంది ఉక్కపోతతోనే. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో కరెంటు, నీళ్లు ఉన్న సైట్లు దొరుకుతాయి, అవే తీసుకోండి. చాలా కేబిన్ టెంట్లకు కింద మూలన జిప్పున్న చిన్న కంత ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ వైరు దూర్చడానికి. అది ఉన్న టెంట్ ఎంచుకుని, ఆరుబయట వాడే రకం వైరు, ఒక టేబుల్ ఫ్యాన్ పట్టుకెళ్తే మే నెల రాత్రి కూడా నిద్ర పడుతుంది. పైకప్పు వలగా ఉంటే వేడి పైకి పోతుంది. వాన సూచన లేని రాత్రి వాన గుడ్డను పూర్తిగా తీసేయకుండా, ఒక వైపు కట్టి ఉంచి రెండో వైపు చుట్టి పెట్టండి. చినుకులు మొదలైతే ఒక్క గుంజుతో కప్పేయవచ్చు.

చలికాలం దీనికి పూర్తిగా తిరగబడుతుంది. గాలి పరుపు లోపలి గాలి రాత్రికి చల్లబడి వీపు గడ్డకట్టిస్తుంది. పైన కప్పుకునే బొంత కన్నా పరుపు మీద పరిచే మందపాటి దుప్పటి ముఖ్యం. వెచ్చదనం కోసం బొగ్గుల కుంపటి గానీ, గ్యాస్ పొయ్యి గానీ టెంట్ లోపలికి తేవద్దు. వానొచ్చిందని లోపల టీ పెట్టడం కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దయచేసి ఈ ఒక్క విషయంలో ఎవరు పర్లేదన్నా వినకండి.

తిండి సంగతి. పులిహోర, పచ్చడి, చేగోడీలు ఏవైనా సరే టెంట్ బయటే, బల్ల దగ్గరే. నాలుగు మెతుకులు లోపల పడితే తెల్లారేసరికి ఫైర్ యాంట్స్ అనే ఎర్రచీమలు బారులు తీరతాయి, అవి కుడితే పిల్లల కాళ్ల మీద చీము పొక్కులు లేస్తాయి. టెంట్ వేసేముందు టార్చి వేసి నేల మీద పుట్టలున్నాయేమో చూడండి. రాత్రి పడుకునేముందు కూలర్‌ను కారులో పెట్టేయండి, రకూన్లు మూత తీయడంలో ఆరితేరినవి. బిగ్ బెండ్, యోసెమిటీ లాంటి ఎలుగుబంట్లున్న పార్కుల్లో అయితే ఇనప పెట్టెలిస్తారు. అక్కడ తిండి ఒక్కటే కాదు, టూత్‌పేస్టు, కొబ్బరినూనె, అమృతాంజనం కూడా ఆ పెట్టెలోకే వెళ్లాలి. యోసెమిటీలో ఆ పెట్టె ఎత్తు 18 అంగుళాలే, పెద్ద కూలర్ పట్టదు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు అందరూ ఒకే టెంట్‌లో పడుకుందామనిపిస్తుంది. లెక్క వేస్తే 14 అడుగుల టెంట్‌లో మూడు క్వీన్ పరుపులు పట్టవు. వాళ్లకు నిలబడగలిగే ఎత్తున్న చిన్న ఇన్‌స్టంట్ టెంట్ వేరుగా వేసి, రెండు మడత మంచాలు వేయండి. నేల మీది పరుపు నుంచి లేవడం కన్నా మంచం మీంచి కాళ్లు కిందికి పెట్టి లేవడం వాళ్లకు తేలిక. మంచం కాళ్ల కింద పాత కార్పెట్ ముక్కలు పెడితే టెంట్ నేల చిరగదు. రాత్రి లేస్తారు కాబట్టి బాత్రూముకు దగ్గర సైటు చూడండి, గుమ్మం దగ్గర ఒక లాంతరు ఉంచండి. ఒక సైట్లో ఎనిమిది మందికి మించి ఉండకూడదన్నది టెక్సాస్ స్టేట్ పార్కుల నియమం. ఎన్ని టెంట్లు వేయొచ్చో, టెంట్ వేసే చదునైన చోటు ఎంతుందో ఆ సైటు వివరాల్లో చూసుకోండి. కొన్నిచోట్ల ఆ చదును 14 అడుగుల టెంట్‌కు తాళ్లతో సహా సరిపోదు.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ఆరబెట్టే సంగతి కొనేముందే ఆలోచించుకోవాలి. తడి టెంట్ సంచిలో నాలుగు రోజులుంటే బూజు పడుతుంది, ఆ వాసన ఇక పోదు. పదేపదే అలా జరిగితే లోపలి పూత జిగురుగా మారి పెచ్చులూడుతుంది. బాల్కనీ రెయిలింగు మీద, స్నానాల గది కర్టెన్ రాడ్డు మీద, డైనింగ్ కుర్చీల మీద ఎక్కడైనా సరే విప్పి పరచండి. కుట్ల దగ్గర చేత్తో పట్టి చూసి, పొడిగా తగిలాకే మడవండి. మెట్లెక్కే ఇల్లయితే పెద్ద టెంట్ 30 పౌండ్ల బరువుంటుందని గుర్తుంచుకోండి.

కొన్న వారంలోనే దగ్గర్లోని పార్కులో ఒకసారి వేసి చూడండి. ఇద్దరు ఎదురెదురు మూలల్లో నిలబడి కాళ్లను కొంచెం కొంచెంగా లాగాలి. ఒకే కాలును పూర్తిగా లాగేస్తే పైన ప్లాస్టిక్ కీలు మెలిపడి విరుగుతుంది, అది విరిగితే ఇన్‌స్టంట్ టెంట్ మొత్తం మూలపడ్డట్టే. విడి భాగాలు అమ్ముతారో లేదో ముందే అడగండి. పిల్లల వేళ్లు ఆ కీళ్ల దగ్గరికి పోనివ్వకండి. క్యాంపింగ్ సామాన్లమ్మే ఆర్ఈఐ షాపులో సభ్యులైతే ఏడాది లోపు తిరిగిచ్చే వీలుంది, జీవితకాల సభ్యత్వం 30 డాలర్లు. కాస్ట్‌కోలో కూడా వాపసు తేలికే. మొదటి ట్రిప్పుకు తెలిసినవాళ్ల టెంట్ అరువు తీసుకుని చూడటం అన్నిటికన్నా మంచి పద్ధతి.

ఇక తేదీలు. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో సైట్లు 5 నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. పార్క్స్ పాస్ తీసుకుంటే ఏడాదంతా కారులో ఉన్న అందరికీ ప్రవేశ రుసుము ఉండదు, సైటు అద్దె మాత్రం వేరు. అక్టోబరు, నవంబరు వారాంతాలు అన్నిటికన్నా హాయిగా ఉంటాయి, వాటి కోసం మే, జూన్‌లోనే బుకింగ్‌కు కూర్చోవాలి. మొదటిసారికి డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్కు మంచి ఎంపిక, పలక్సీ నదిలో డైనోసార్ అడుగుజాడలు పిల్లలు తమ పాదాలు పెట్టి చూసుకోవచ్చు. నది నిండుగా ఉంటే ఆ జాడలు కనిపించవు, బయల్దేరే ముందు పార్కుకు ఫోన్ చేసి కనుక్కోండి.