‘నువ్వు ముందు నడువు’ అంటున్నారు

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర పల్లె. నన్ను మర్రిగూడ మండలంలో ఇచ్చారు. పెళ్లయి ఆరేళ్లు, నాలుగేళ్ల బాబు ఉన్నాడు. చిన్నప్పటి నుంచి తాగిన బోరు నీళ్లకు మా ఆయన కాళ్లు వంకరపోయాయి. అన్నీ తెలిసే ఇష్టపడి చేసుకున్నాను. అయినా సంతకు పోతే ‘నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తా’ అంటారు. కోపం వస్తే ‘నీకింకా వయసుంది, ఇంకొకణ్ని చూసుకో’ అంటారు. వచ్చే నెల మా తమ్ముడి పెళ్లికి రానంటున్నారు. నా మీద నమ్మకం రావాలంటే ఏం చేయాలి?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఈ నిరూపించుకోవడం ఆపెయ్. ఆరేళ్ల కాపురం కన్నా పెద్ద రుజువు లేదు. ఆయనకు అనుమానం నీ మీద కాదు, తన మీద. నువ్వు ఎక్కడ వదిలేస్తావోనని భయపడి, తానే ముందుగా ‘పో’ అంటున్నాడు. అలాగని ఆ మాట పడాల్సిన పని లేదు. కోపం చల్లారాక, బాబు పడుకున్నాక, ‘ఆ మాటతో నా ఆరేళ్లను తీసిపారేస్తున్నావు’ అని నేరుగా చెప్పు.

నువ్వు ఆయన్ని ఒప్పుకున్నావు, ఆయనే ఇంకా తనను ఒప్పుకోలేదు. ఒక్కటి గమనించు. మీ తల్లిగారింట్లో ‘పాపం, ఎంత ఓపిక ఈ పిల్లకు’ అని ఎవరైనా అంటుంటారా? నిన్ను మెచ్చుకున్న ప్రతిసారీ ఆయన తలవంచుకుంటాడు. పెళ్లికి రాననడం అందుకే కావచ్చు. ‘ఓపిక కాదు, ఇష్టం’ అని వాళ్లకు నువ్వే చెప్పాలి, ఆయన వింటుండగా.

మనసులో ఏముందో అడిగావా? బాబు కూడా తనలాగే అవుతాడేమోనన్న దిగులు ఉండొచ్చు, మగవాళ్లు దాన్ని తొందరగా బయటపెట్టరు. ఆయన కాళ్ల వంకర వంశపారంపర్యం కాదు, అంటువ్యాధీ కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చింది, దీన్నే ఫ్లోరోసిస్ అంటారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మీ వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. మరగబెడితే పోదు, ఇంకా చిక్కబడుతుంది. బాబుకు తాగడానికే కాదు, అన్నం వండడానికీ మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడు. వంగిన ఎముక మందులతో మామూలు కాదు కానీ, నొప్పికి, బిగుసుకున్న కీళ్లకు వైద్యం ఉంది. నల్గొండలో ఎముకల డాక్టర్‌కు చూపించండి, ఇద్దరూ కలిసి వెళ్లండి.

పెళ్లి విషయంలో నువ్వు బతిమాలకు. మీ తమ్ముణ్నే ఇంటికి వచ్చి బావను పిలవమను. పిలుపుతో సరిపెట్టకుండా పని అప్పజెప్పమను, లెక్కలు రాయడమో, వంటలు చూసుకోవడమో, ఆయనకు చేతనైంది. మూలన కుర్చీ వేసి కూర్చోబెడితే మాత్రం రాకపోవడమే నయం.

ఈ వారం సంతకు పోయినప్పుడు ‘ముందు నడవడం నాకు బాధగా ఉంది’ అని చెప్పు. బాబు చెయ్యి ఆయనకు ఇచ్చి, సంచి నువ్వు పట్టుకుని, ఆయన నడకతోనే నడువు.