పుట్టింటివారిచ్చిన ఇల్లు తాకట్టు పెట్టి బ్రేకు డ్రమ్ముల యూనిట్ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. మావారికి ఆటోనగర్‌లో పద్దెనిమిదేళ్ళుగా ప్రెస్ షాపు ఉంది. మూడు పవర్ ప్రెస్సులు, రేకు కోసే షేరింగ్ మిషను ఒకటి, ఐదుగురు పనివాళ్ళు. క్లాంపులు, బ్రాకెట్లు చేస్తారు. జీతాలు, కరెంటు పోను నెలకి 70 వేలు ఇంటికి వస్తుంది. బ్యాటరీ రిక్షాలు బిగించే ఒక కంపెనీవాళ్ళు, రేకుని నొక్కి చేసే బ్రేకు డ్రమ్ములు నెలకి 1500 కావాలని, ఒక్కోటి 240 రూపాయలకి తీసుకుంటామని అన్నారట. లోపలి వ్యాసం 180 మి.మీ., లోతు 50, రేకు మందం 4. పాత 200 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్సు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ లేతు, 8 లక్షల డైలు (రేకుని నొక్కే అచ్చులు), అన్నీ కలిపి 62 లక్షలు అవుతుంది. రేకు కిలో 60 రూపాయలు. డ్రమ్ముకి 165 ఖర్చు పోను 75 మిగులుతుందని మావారి లెక్క. చేతిలో 14 లక్షల ఎఫ్‌డీ ఉంది. బ్యాంకు 11 శాతం వడ్డీకి ఐదేళ్ళ గడువుతో 50 లక్షలు ఇస్తానంటోంది. కానీ పటమటలో మా నాన్నగారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఇల్లు తాకట్టు పెట్టాలట, నేను గ్యారంటీ సంతకం చేయాలట. అమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడు, అబ్బాయి ఇంటర్. సంతకం పెట్టనా? పెట్టనంటే ఆయన మీద నమ్మకం లేనట్టు అవుతుందేమోనని బాధగా ఉంది.

జవాబు: అమ్మా, ఇప్పుడైతే సంతకం పెట్టకండి. ఇందులో నమ్మకం ప్రసక్తి లేదు. పద్దెనిమిదేళ్ళు ఆటోనగర్‌లో నిలదొక్కుకున్న మనిషి పనితనాన్ని నేనూ శంకించను. లెక్కలో ఒకటి రెండు చోట్ల తేడా కనిపిస్తోంది, అది చాలా పెద్ద తేడా. ఈ జవాబు మీవారి పక్కన కూర్చుని చదవండి. ఆయనకి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

తయారైన డ్రమ్ము బరువు దాదాపు కిలోన్నర ఉంటుంది. కిలో 60 చొప్పున 90 రూపాయల రేకు అని ఆయన వేసుకున్నట్టున్నారు. కానీ మనం కొనేది డ్రమ్ము కాదు, షీటు. 180 వ్యాసం, 50 లోతు గిన్నెగా సాగాలంటే అంచు కత్తిరింపు కలుపుకుని సుమారు 270 మి.మీ. గుండ్రటి బిళ్ళ కావాలి. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య 5 మి.మీ. వదలాలి. 1250 బై 2500 షీటు 4 మి.మీ. మందంలో 98 కిలోలు తూగుతుంది. షేరింగ్ మిషను మీద చదరాలుగా కోస్తే వెడల్పులో నాలుగు, పొడవులో తొమ్మిది, మొత్తం 36 బిళ్ళలు వస్తాయి. వెడల్పులో మిగిలిన 150 మి.మీ. పట్టీ ఈ డ్రమ్ముకి పనికిరాదు. అంటే ఒక్కో డ్రమ్ముకి మనం కొన్న రేకు 2.73 కిలోలు, 163 రూపాయలు. తుక్కు కిలో 30కి అమ్మినా 37 రూపాయలే తిరిగొస్తాయి. అసలు రేకు ఖర్చు 126. ఆయన వేసుకున్న 90కీ దీనికీ డ్రమ్ముకి 36 రూపాయల తేడా.

అదే షీటు మీద బిళ్ళల్ని తేనెపట్టు గదుల్లా ఒక వరస సందుల్లోకి ఇంకో వరస వచ్చేలా పేరిస్తే 43 వస్తాయి. సుద్దముక్కతో గీసి చూడమనండి. అప్పుడు డ్రమ్ముకి 2.28 కిలోలు పడుతుంది, తుక్కు పోను 114 రూపాయలు. ఒట్టి పేర్పు మార్చినందుకు డ్రమ్ముకి 12, నెలకి 18 వేలు మిగులుతాయి. అయితే అలా కోయడం షేరింగ్ మిషను వల్ల కాదు. లేజర్ కటింగ్‌కి ఇవ్వాలి, లేదా బిళ్ళలు కొట్టే బ్లాంకింగ్ డైలో షీటుని అటూ ఇటూ జరుపుతూ కొట్టాలి. ఆ కూలీ ఈ 12లోంచే పోతుంది.

ఇక పాడయ్యేవి. మొదటి ఏడాది నూటికి నాలుగు పోతాయనుకుందాం. తుక్కు విలువ తీసేసినా మంచి డ్రమ్ము మీద 6 రూపాయల భారం పడుతుంది. చదరాలుగా కోస్తే 75 కాస్తా 33 అవుతుంది, నెలకి 49,500. తేనెపట్టు పేర్పుతో అయితే 45, నెలకి 67,500. మీ అప్పు మీద ఈఎంఐ 1,08,700. ఆయన లెక్క ప్రకారం 1,12,500 వస్తుంది కాబట్టి ఈఎంఐ కట్టేయొచ్చు అనిపించింది. వాస్తవంగా అన్నీ కలిసొచ్చినా నెలకి 41 వేలు తక్కువ పడుతుంది. అది ఇప్పుడు ఇంటికి వస్తున్న 70 వేలలోంచే పోవాలి. చదరాల లెక్కన అయితే మీ చేతికి 11 వేలు కూడా మిగలదు, ఇద్దరు పిల్లల చదువులు నడుస్తుండగా.

నూటికి నాలుగు ఎందుకన్నానో చెప్పాలి. నా దగ్గరికి వచ్చే ఒక ప్రెస్ షాపు యజమాని ఇలాంటి డ్రమ్ములే మొదలుపెట్టారు. ఒకరోజు లేతు దగ్గర నిలబెట్టి చూపించారు. డ్రమ్ముని లేతు మీద పట్టి ఉంచే మూడు దవడల చక్‌లో బిగించి లోపల బోరింగ్ చేశారు, అంటే లోపలి గోడని గుండ్రంగా చెక్కారు. చక్‌లో ఉన్నంతసేపు, గుండ్రదనంలో తేడా చూపే డయల్ గేజీ ముల్లు కదల్లేదు. దవడలు వదులు చేసి, హబ్బుకి బిగించి మళ్ళీ తిప్పితే ముల్లు ఒక చుట్టులో మూడుసార్లు ఊగింది. దవడలు బిగించినప్పుడు పల్చటి రేకు మూడు చోట్ల లోపలికి నొక్కుకుంది. ఆ స్థితిలో గుండ్రంగా కోశారు, వదలగానే రేకు తన ఆకారానికి వెళ్ళిపోయింది. దాన్ని బండికి వేస్తే బ్రేకు నొక్కినప్పుడల్లా పెడల్ కాలికింద కొట్టుకుంటుంది. పోత ఇనుము డ్రమ్ము మందంగా, బిగువుగా ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ. చివరికి ఆయన చక్ మానేసి, డ్రమ్ము వీపున ఉండే బోల్టు రంధ్రాల దగ్గర పట్టుకునే ఫిక్చర్ చేయించుకున్నారు. అప్పటికి నాలుగు నెలల ఈఎంఐలు జేబులోంచి పోయాయి. మీవారికి ప్రెస్సు పని కొట్టిన పిండే. కానీ డ్రమ్ములో సగం పని లేతు మీద ఉంది, ఆ సగం ఆయనకి కొత్త.

డబ్బు సంగతి కాకపోయినా ఇంకోటి చెప్పకుండా ఉండలేను, ఇది బ్రేకు కాబట్టి. 1920ల, 30ల కార్లలో నొక్కిన ఉక్కు డ్రమ్ములు వాడేవారు. గీతలు పడటం, కీచుమనడం, వేడికి వంగడం వంటి ఇబ్బందులతో పోత ఇనుముకి మళ్ళారు. రేకు వీపుకి పోత ఇనుము అంచు అతికిన డ్రమ్ములూ వచ్చాయి. బూడిదరంగు పోత ఇనుములో ఉండే గ్రాఫైట్ పొరలు వేడిని త్వరగా లాగుతాయి, అదురుని మింగుతాయి. బ్యాటరీ రిక్షాకి చట్టప్రకారం గరిష్ఠ వేగం గంటకి 25 కిలోమీటర్లే. మనుషులతో కలిపి 700 కిలోల బండిని ఆ వేగం నుంచి ఆపితే, వేడంతా రెండు వెనక డ్రమ్ములకే వెళ్ళిందనుకున్నా ఒక్కోటి 12 డిగ్రీలు వేడెక్కుతుంది. ఈ బండికి రేకు డ్రమ్ము ఆలోచించదగ్గదే. అవే డ్రమ్ములు 50 వేగంలో వెళ్ళే రెండు టన్నుల సరుకు బండికి నాలుగు చక్రాలకీ వేసినా ఒక్కసారి ఆపితే 70 డిగ్రీలు పెరుగుతుంది. ఫ్లైఓవర్ దిగుతూ నాలుగుసార్లు నొక్కితే ఏమవుతుందో ఊహించండి. రేపు ఎవరైనా ‘ఇదే సైజు, గూడ్స్ బండికీ ఇవ్వండి’ అంటే ఎంత ధర చెప్పినా వద్దనమనండి. రిక్షాకైనా సరే, ఆ కంపెనీ వాడే బ్రేకు లైనింగుతోనే (డ్రమ్ముని లోపల రాసుకునే పట్టీ) టెస్టు చేయించాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వస్తువులో లోపం వల్ల ప్రమాదం జరిగితే తయారుచేసినవాళ్ళు పరిహారం కట్టాలి. మీవారిది ప్రొప్రైటర్ షాపు అయితే ఆ బాధ్యత షాపు దగ్గర ఆగదు, సొంత ఆస్తి దాకా వస్తుంది. ఇలాంటి పరిహారాలకి పనికొచ్చే ప్రోడక్ట్ లయబిలిటీ బీమా పాలసీ లేకుండా ఒక్క డ్రమ్ము కూడా గేటు దాటకూడదు.

ఇక మీ సంతకం. గ్యారంటీ అంటే ‘ఆయన కట్టలేకపోతే చూద్దాం’ అని కాదు. కాంట్రాక్టు చట్టం ప్రకారం అప్పు తీసుకున్నవారి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతే. కిస్తీలు 90 రోజులు ఆగితే ఖాతా మొండిబాకీల్లోకి వెళుతుంది. తరవాత సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టులో దావా వేయకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే హక్కు బ్యాంకుకి ఉంది. మీ నాన్నగారు ఆ ఇల్లు ఇచ్చింది ఇలాంటి రోజున మీకు నీడ ఉండాలనే కదా.

అసలు ఇల్లు అడగాల్సిన పనే ఉందా అని బ్యాంకుని నిలదీయండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్లకి, అప్పుకి బ్యాంకుకి హామీ ఇచ్చే సీజీటీఎంఎస్‌ఈ అనే ట్రస్టు హామీతో ఆస్తి తాకట్టు లేకుండా అప్పు ఇవ్వొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10 కోట్లు. దానికి ఏటా హామీ రుసుము పడుతుంది, మీ మిగులు లెక్కలో అదీ కలపాలి. చాలా బ్రాంచీల్లో దీని ఊసెత్తకుండా ఇంటి కాగితాలే అడుగుతారు, వాళ్ళకి అది సులువు కాబట్టి. మీరు రాతపూర్వకంగా అడగండి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణమూ రాసివ్వమనండి.

నేనైతే మీవారితో ఇలా అంటాను: ముందు ప్రెస్సు కొనకండి. కంపెనీ దగ్గర నోటిమాట కాదు, కాగితం మీద ఆర్డరు తీసుకోండి. అందులో కనీసం ఏడాదికి ఎన్ని తీసుకుంటారో ఉండాలి, రేకు ధర మారితే డ్రమ్ము ధర ఎలా మారుతుందో ఉండాలి. కిలోకి 5 రూపాయలు పెరిగితే డ్రమ్ముకి 11 రూపాయలు పోతాయి మరి. (మన విశాఖ ఉక్కులో చేసేవి కడ్డీలు, వైరు రాడ్లు. చుట్ట రేకు కోసం బళ్ళారి దగ్గర తోరణగల్లు లాంటి చోట్ల ఉండే మిల్లుల ధరల మీదే మనం ఆధారపడాలి.) డైల ఖర్చులో సగమైనా వాళ్ళని ముందుగా ఇవ్వమనండి. 4 లక్షలు పెట్టడానికి వెనకాడే కంపెనీని నమ్మి మనం 62 లక్షలు ఎందుకు పెట్టాలి?

డైలు మాత్రం సొంతంగా చేయించుకోవచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో డై డిజైన్ చూపించి సలహా తీసుకోవడం మంచిది. ఆ డైలతో పెద్ద ప్రెస్సు ఉన్నవాళ్ళ దగ్గర జాబ్ వర్కుకి నొక్కించి, బోరింగ్ బయట సీఎన్‌సీ మీద చేయించి, మొదట 300 డ్రమ్ములు ఇవ్వండి. చదరాలుగా కోసినా తొమ్మిది షీట్లు, 53 వేల రూపాయల రేకు. కూలీలు బయటికి పోతాయి కాబట్టి డ్రమ్ముకి పది పదిహేను మిగిలితే గొప్ప. అయినా ఈఎంఐ ఉండదు, ఎన్ని పాడవుతున్నాయో మన కళ్ళతో తెలుస్తుంది. ఆరు నెలలు ఇలా నడిపాక ఆ అంకెలు పట్టుకుని బ్యాంకుకి వెళ్దాం. ఇదే 50 లక్షల అప్పు నిలబడాలంటే, 1500 డ్రమ్ముల దగ్గర ధర 268 దాటాలి, లేదా ఇదే ధరకి నెలకి 2400 పైన పోవాలి. ఇది కూడా తేనెపట్టు పేర్పుతోనే.

రన్నింగ్ డబ్బు సంగతి అంచనాలో ఎక్కడా కనిపించలేదు. 62 లక్షల్లో అప్పు పోను మన వాటా 12 లక్షలు పెడితే ఎఫ్‌డీలో 2 లక్షలు మిగులుతాయి. నెలకి 3.6 లక్షల సరుకు అప్పు మీద ఇచ్చి రెండు నెలలు ఆగితే, 18 శాతం జీఎస్టీతో కలిపి 8.5 లక్షలు బయటే ఉంటాయి. నెల రేకు, చేతిలో సగం పనయిన డ్రమ్ములు కలిపితే 12 లక్షలు. పైగా కంపెనీ డబ్బివ్వకపోయినా మర్నెల 20వ తేదీకల్లా జీఎస్టీ మనం కట్టాల్సిందే. చిన్న పరిశ్రమలకి సంబంధించిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం 2006 ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి, దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయడం మరవొద్దనండి. మొదటి ఆర్డరులోనే 45 రోజుల మాట రాయించుకుంటే తరవాత బకాయిల మీద ఫిర్యాదు దాకా వెళ్ళే అవసరం తగ్గుతుంది.

ఇంటి విషయం క్లుప్తంగా. ఎఫ్‌డీలో 4 లక్షలు మీ పేరున విడదీసి పెట్టండి, అది ఆరు నెలల ఇంటి ఖర్చు. అమ్మాయి మిగిలిన రెండేళ్ళ ఫీజు ఎంతో రాసుకుని ఆ మొత్తాన్నీ పక్కన పెట్టండి. మీవారి పేరున కోటి రూపాయల టర్మ్ పాలసీ, కుటుంబానికి ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. మిగిలిందే డ్రమ్ములకి.

ఆయనతో ‘పెట్టను’ అనకండి. ‘ఆర్డరు కాగితం రానివ్వండి, 300 డ్రమ్ములు దిగనివ్వండి, అప్పుడు ఇద్దరం కలిసి బ్యాంకుకి వెళ్దాం’ అనండి. ఆ 300లో ఎన్ని వెనక్కి వచ్చాయో, కంపెనీ ఎన్ని రోజులకి డబ్బిచ్చిందో నాకు రాయండి. ఆ రెండు అంకెలతో ఈ లెక్క మళ్ళీ వేసి పంపుతాను.